వాన పడితే నీరు నిలిచే పెరటి మడి: తినే మొక్కల్లో ఏవి వేయాలి?

తులసికోట | జూలై 3, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఉద్యోగ విరమణ తర్వాత నిరుడు అమ్మ దగ్గరకు వచ్చేశాను. ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు మడి ఉంది. నాన్న ఉన్న రోజుల్లో అందులో వంగ, బెండ, గోంగూర, పాదుల మీద బీర, ఏది వేస్తే అది పండేది. ఇప్పుడు పండడం లేదు. కారణం నీరు.

వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. కొన్నేళ్ళకు దానిమీదే మరో పొర వేశారు. ఇప్పుడు రోడ్డు మా అరుగు కన్నా జానెడు ఎత్తుగా ఉంది. వాన పడితే వీధి నీళ్ళు సందులోంచి నేరుగా పెరట్లోకి వస్తాయి. పెరటి చివర పంట బోదె ఉంది కానీ, వానల్లో అదీ నిండుగానే ఉంటుంది, మా నీటిని తీసుకోదు.

నిరుడు టమాట, మిరప, బెండ మొత్తం పోయాయి. వాటికన్నా బొప్పాయి పోయినందుకు ఎక్కువ బాధపడ్డాను. గెల నిండా కాయలతో ఉంది. వాన వెలిసిన మూడో రోజు ఉదయానికి ఆకులు ముడిచిన గొడుగులా వాలిపోయాయి. వారం తర్వాత చేత్తో తోస్తే చెట్టు పక్కకు ఒరిగింది. వేరు నల్లబడి ఉంది, పట్టుకుంటే పై తొక్క తొడుగులా ఊడి చేతికి వచ్చింది.

అమ్మకు 81 ఏళ్ళు. ఆమె కోరిక ఒక్కటే, పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఆ పూటకు కూర కోసుకోవాలి. సంవత్సరమంతా నీరు ఉండదు, వానల్లోనే నిలుస్తుంది. వేసవిలో నేల నెర్రెలు విచ్చుతుంది. ఇలాంటి చోట తినడానికి పనికివచ్చే మొక్కలు ఏవి బతుకుతాయో అనుభవం ఉన్నవారు చెప్పండి.

గట్టుమీద | జూలై 3, ఉదయం 8:15

అమ్మా, మొక్క పేరు తర్వాత చెప్పుకుందాం. ముందు నీటి సంగతి తేలాలి. నేను 30 ఏళ్ళు తణుకు చుట్టుపక్కల రైతులతో తిరిగినవాణ్ణి. "నీరు నిలుస్తుంది" అన్న మాట వెనుక పది రకాల నేలలు చూశాను.

మీరు మూడు విషయాలు చూడాలి. నీరు ఎన్ని రోజులు నిలుస్తుంది? ఆరు గంటలు నిలిచే చోటుకూ, రెండు రోజులు నిలిచే చోటుకూ, ఐదు రోజులు నిలిచే చోటుకూ వేసే మొక్కలు వేరు. రెండోది, మడి అంతటా ఒకేలా నిలుస్తుందా, ఒక మూల ఎక్కువగానా? చదునుగా కనిపించే మడిలో కూడా వాలు ఉంటుంది. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం దొరికితే నీళ్ళు నింపి రెండు చివరలా పట్టుకుని చూడండి.

మూడోది, వచ్చే నీరు ఎలాంటిది? దారిలో మరుగుదొడ్డి గుంత ఉందా? దగ్గరలో రొయ్యల చెరువులు ఉన్నాయా? మీ వైపు ఈ ప్రశ్న తప్పదు. ఉప్పు నీరు ఊరే నేల అయితే నేను చెప్పేదంతా మారిపోతుంది.

వాన లేని రోజు రెండు చివరలా అడుగు లోతు, అడుగు వెడల్పు గుంటలు తవ్వండి. నీటితో నింపి ఇంకిపోనివ్వండి. మళ్ళీ నింపి, కర్ర నిలబెట్టి గీత పెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో రాయండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే అది నీరు పట్టుకునే నేల అని లెక్క.

కొబ్బరితోట | జూలై 3, మధ్యాహ్నం 1:05

తులసికోట గారూ, మాది అంబాజీపేట వైపు. వానలు ఎక్కువగా ఉన్నా మా తోటల్లో కంద, పసుపు బాగా వస్తాయి. కంద వేయండి, పక్కనే బచ్చలి పాకించండి. కంద బచ్చలి కూరకు రెండూ పెరట్లోనే దొరుకుతాయి.

మట్టిపలక | జూలై 3, మధ్యాహ్నం 2:30

కొబ్బరితోట గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నీరు నిలిచే మడిలో కంద వేయవద్దు. కందకు తేమ కావాలి, నిలిచిన నీరు మాత్రం పనికిరాదు. దుంప మొదట్లో మెత్తబడి కుళ్ళుతుంది, పైన కాడ పచ్చగా ఉండగానే లోపల అయిపోతుంది. పసుపు, అల్లం ఇంకా సున్నితం. దుంపకుళ్ళు తెగులు నీటి వెంటే వస్తుంది. దేశమంతా వేసే గజేంద్ర కంద రకం మన కొవ్వూరు నుంచే వచ్చింది. గోదావరి నేలకు కంద కొత్త కాదు, అందుకే ఇక్కడ అందరూ మొదట కంద పేరే చెబుతారు. కానీ అది లంకల్లో, ఇసుక కలిసిన ఒండ్రులో, మురుగు పోయే చోట పండిన పంట.

కొబ్బరితోట | జూలై 3, సాయంత్రం 5:50

మీరన్నది నిజమే. ఇప్పుడే తోటలోకి వెళ్ళి చూసి వచ్చాను. మా కంద మొత్తం కొబ్బరి వరసల మధ్య ఎత్తు మీద ఉంది, రెండు పక్కలా మోకాలి లోతు కాలువలు ఉన్నాయి. కాలువ చేయడం మా తాతల నాటి పని కాబట్టి అది ఉందన్న సంగతే నాకు తోచలేదు. కాలువ లేనిచోట కంద వేయవద్దు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మేడమీదతోట | జూలై 3, రాత్రి 9:20

నాది హైదరాబాదు. మా పాత ఇంట్లో రెండు అడుగుల మట్టి కింద బండ ఉండేది. వాననీరు ఆ బండ మీదే కూర్చునేది. మూడేళ్ళు నేలతో పోరాడి చివరికి నీలం డ్రమ్ములు సగానికి కోయించి, అడుగున రంధ్రాలు పెట్టి, ఇటుకల మీద నిలబెట్టాను. కొత్తిమీర, మెంతి, మిరప, టమాట, కరివేపాకు వీటిని డ్రమ్ముల్లోకి మార్చండి. ఇవి నీటి మడిలో ఎలాగూ బతకవు. నడుము ఎత్తులో ఉంటే అమ్మగారికి వంగే శ్రమ కూడా ఉండదు. నేలను మాత్రం నీటిని ఇష్టపడే మొక్కలకు వదిలేయండి.

తులసికోట | జూలై 7, ఉదయం 7:10

గట్టుమీద గారు చెప్పినట్లే చేశాను. పక్కింటి తాపీమేస్త్రీ గొట్టం తెచ్చి మట్టం చూశారు. నూతి వైపు చివరకూ, బోదె వైపు చివరకూ 9 అంగుళాల తేడా ఉంది! కంటికి చదునుగానే కనిపించేది.

నూతి వైపు గుంటలో గంటకు ఒకటిన్నర అంగుళాలు దిగింది. బోదె వైపు గుంటలో గంటకు పావు అంగుళం. ఆ గుంటను నింపకముందే పక్కల నుంచి నీటి చెమ్మ ఊరడం మొదలైంది. మట్టి రంగు కూడా వేరు. నూతి వైపు మామూలు నల్లమట్టి. బోదె వైపు 8 అంగుళాల కింద బూడిద, నీలం కలిసిన రంగు, అందులో అక్కడక్కడా తుప్పు గీతలు. గడ్డ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన గుడ్డు వాసన.

అమ్మ నోటి లెక్క ప్రకారం నూతి వైపు నీరు సగం రోజు కూడా ఉండదు. మధ్యలో ఒకటి రెండు రోజులు. బోదె వైపు నాలుగైదు రోజులు, బోదెలో నీరు తగ్గేవరకూ.

రొయ్యల చెరువులు దగ్గరలో లేవు, చుట్టూ వరి చేలే. మరుగుదొడ్డి గుంత మాత్రం సందుకు పక్కనే ఉంది. వీధి నీరు దాని మూత మీదుగానే వస్తుంది.

మట్టిపలక | జూలై 7, ఉదయం 10:45

ఈ కొలతలు చాలా విలువైనవి. ఆ బూడిద నీలం రంగు, తుప్పు గీతలు మీ మడి రాసుకున్న దినచర్య అనుకోండి. గాలి అందని మట్టిలో ఇనుము రంగు మారి బూడిదగా అవుతుంది. గాలి తగిలిన పగుళ్ళ వెంట మళ్ళీ తుప్పుగా మారుతుంది. ఆ గీతలు ఎంత పైకి ఉంటే నీరు అంత పైవరకు తరచుగా నిలుస్తున్నట్లు. గుడ్ల వాసన గంధకం కలిసిన వాయువు వల్ల. అదే వాయువు వేళ్ళకు విషం కూడా.

మొక్క నీటివల్ల చావదు, ఊపిరి అందక చస్తుంది. ప్రాణవాయువు గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేరు ఉన్న కాస్త గాలినీ ఒకటి రెండు రోజుల్లో వాడేస్తుంది. అందుకే మీ బొప్పాయి అంత త్వరగా పోయింది. బొప్పాయి వేరు 48 గంటలు నిలిచిన నీటికి తట్టుకోవడమే కష్టం. నీళ్ళలో ఉండి కూడా ఆకులు వాడిపోయింది అందుకే, ఊపిరి లేని వేరు నీటిని పైకి లాగలేదు.

వరి, చేమ, తామర లాంటి వాటికి కాండం నుంచి వేరు దాకా గాలి గొట్టాలు ఉంటాయి. చేమ కాడను అడ్డంగా కోసి చూడండి, స్పంజిలా ఉంటుంది. పొలంలో వరి దుబ్బు పీకితే వేళ్ళ మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది, వేరులోంచి గాలి బయటకు ఊరి చుట్టూ ఉన్న ఇనుమును తుప్పు పట్టించిన గుర్తు అది.

మీ జిల్లా మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ వరికి, ఒడిశా నాటు రకం నుంచి ముంపును తట్టుకునే జన్యువును కలిపి స్వర్ణ సబ్-1 తయారుచేశారు. అది 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల వరకు పూర్తిగా మునిగినా మళ్ళీ తేరుకుంటుంది. మునిగినప్పుడు పైకి పెరగడానికి పాకులాడకుండా, ఉన్న శక్తిని దాచుకుని కదలకుండా ఉండడమే దాని బలం. పెరటికి ఇది అక్కరలేదు, కానీ మొక్క ఎలా బతుకుతుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

వానకోయిల | జూలై 7, రాత్రి 8:00

బోదె వైపు చివర చేమ వేయండి. రెండో ఆలోచన వద్దు. కొందరు చామ అంటారు, మా ఇంట్లో చేమ. మా అత్తగారి ఇంట్లో నూతి పళ్ళెం నీళ్ళు పడే గుంటలో ఒకసారి వేసిన చేమ ఇప్పటికీ తిండి పెడుతూనే ఉంది.

కోడిగుడ్డంత పిలకదుంపలు తీసుకుని, మొలక పైకి ఉండేలా రెండు అంగుళాల లోతున, మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరంలో నాటండి. ఇప్పుడు నాటినా మించిపోలేదు కానీ పెద్ద వానలకు ముందే రెండు మూడు ఆకులు వేయాలి. మొలక దశలో పూర్తిగా మునిగితే దానికీ కష్టమే. ఐదారు నెలలకు ఆకులు పసుపు తిరిగితే దుంప తవ్వుకోవచ్చు. మా అనుభవంలో పూర్తి గుంటలో ఉన్న మొక్కలు ఆకుకు బాగుంటాయి, మంచి దుంప మాత్రం గుంట ఒడ్డున ఉన్నవాటికే ఊరుతుంది. అందుకని రెండు వరసలు ఒడ్డుకు కూడా వేయండి.

ఆకులో, కాడలో, దుంపలో కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, గొంతు దురద వాటివల్లే. ఆకు లేతగా, ఇంకా పూర్తిగా విచ్చుకోనప్పుడే కోయాలి. బాగా ఉడికించాలి, చింతపండు పులుసు పడాలి. అమ్మగారికి ఈ సంగతులు నాకన్నా బాగా తెలిసే ఉంటాయి. చేతికి నూనె రాసుకుని దుంపలు చెక్కమనండి. పెరట్లో ఆకు అలంకారానికి పెంచే చేమజాతి మొక్కలు చాలా ఉన్నాయి, అవి తినవద్దు. వండుకుంటున్న ఇంటి నుంచే పిలకలు తెచ్చుకోండి.

వాన ముసురులో ఆకు మీద నీటి మచ్చలు పడి, పెద్దవై, ఆకంతా మాడిపోతుంది. చేమకు ఇదొక్కటే పెద్ద తెగులు. మచ్చ పడ్డ ఆకును ఆ రోజే కోసి దూరంగా పారేయాలి. ముక్తకేశి అనే రకం ఆ తెగులును బాగా తట్టుకుంటుంది, దొరికితే అది తెచ్చుకోండి.

తులసికోట | జూలై 7, రాత్రి 8:40

అమ్మకు చదివి వినిపించాను. "చేమాకు పులుసు తిని ఎన్నేళ్ళయిందో" అంది. దుంపలు రేపే తెస్తాను. మధ్య భాగానికీ నూతి వైపుకూ ఏమి వేయాలి? గోంగూర లేకుండా అమ్మ ఒప్పుకోదు.

గట్టుమీద | జూలై 8, ఉదయం 6:30

మీ మడి ఒక మడి కాదమ్మా, మూడు మడులు. 9 అంగుళాల తేడాను సమం చేయాలని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. దాన్ని ఇంకా పెంచండి. బోదె వైపు 5 అడుగుల మేర ఒక జానెడు మట్టి తీసి నూతి వైపు వేయండి. గుంట ఇంకా గుంట అవుతుంది, ఎత్తు ఇంకా ఎత్తు అవుతుంది. బయటి నుంచి బండ్లకొద్దీ మట్టి కొననవసరం లేదు. అయితే ఆ వాసన వచ్చే అడుగు మట్టిని తెచ్చి పైన వేయకండి, పై జానెడే తీయండి. పశువుల ఎరువు, ఎండుటాకులు కలపండి. మట్టి తడిగా ఉన్నప్పుడు తవ్వకండి, తొక్కకండి. తడి నల్లమట్టిని ఒక్కసారి తొక్కితే ఇటుకలా బిగుస్తుంది. పక్కన ఒక పలక వేసుకుని దానిమీద నిలబడి పని చేయండి.

మధ్య భాగం బోదెలుగా చేసి, బోదె మీద బచ్చలి, బోదెల మధ్య చాళ్ళలో పొన్నగంటి. పొన్నగంటికి విత్తనం వద్దు. సంతలో కూర కట్ట కొని, ఆకు వండుకుని, కణుపులున్న కాడలు జానెడు ముక్కలు చేసి గుచ్చండి. కాలువ గట్ల మీద పుట్టిన మొక్క అది, రెండు రోజుల నీరు దానికి లెక్కలోది కాదు. నెల రోజులకు కోతకు వస్తుంది. ఒక్క జాగ్రత్త, కాలువల్లో దాని పోలికతోనే మరో కలుపు ఉంటుంది. పొన్నగంటికి తెల్లటి పువ్వు ఆకు మొదట్లోనే కాండానికి అతుక్కుని ఉంటుంది. కలుపు మొక్కకు పువ్వు పొడవాటి కాడ మీద నిలుస్తుంది. సరస్వతి ఆకు కూడా చాళ్ళ అంచున పెట్టండి, పచ్చడికి ఆకు ఎప్పుడూ ఉంటుంది.

గోంగూర ముదిరిన మొక్క కొన్ని రోజుల నీరు భరిస్తుంది, కాండం మొదట్లో కొత్త వేళ్ళు కూడా వేస్తుంది. లేత మొక్క మాత్రం కుళ్ళిపోతుంది. కనుక గోంగూర నూతి వైపు ఎత్తులో. తోటకూర కూడా అక్కడే. పెసర, బొబ్బర్ల జోలికి వానాకాలంలో పోకండి.

కొబ్బరితోట | జూలై 8, ఉదయం 9:15

ఒక మాట స్పష్టం చేద్దాం, లేకపోతే పని తారుమారు అవుతుంది. గట్టుమీద గారు వ్యవసాయ శాఖ వాడుకలో బోదె అంటున్నారు, అంటే ఎత్తు చేసిన మట్టి వరస. మన గోదావరి ఊళ్ళలో బోదె అంటే నీరు పారే చిన్న కాలువ. తులసికోట గారు "పెరటి చివర బోదె" అన్నది కాలువ. బచ్చలి మట్టి వరస మీద నాటాలి, కాలువలో కాదు.

నేరేడుచెట్టు | జూలై 8, సాయంత్రం 6:20

హ్యూస్టన్ నుంచి రాస్తున్నాను, మాదీ బంకమట్టే. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు మా వీధి నీట మునిగింది. తర్వాత నా పెరట్లో మొదట చిగురించింది చేమే. ఎవరూ తూటికూర పేరు ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. నీటిలో తేలుతూ పాకే మొక్క, కాడ లోపల బోలుగా ఉంటుంది. ఆసియా అంతటా వేయించుకు తింటారు. మీ గుంటకు చేమతో పాటు చక్కగా సరిపోతుంది. జానెడు కాడ గుచ్చితే చాలు. అమెరికాలో మాత్రం ఇది ఫెడరల్ ప్రభుత్వపు హానికర కలుపు మొక్కల జాబితాలో ఉంది, ఎందుకంటే కాలువల్లో పడితే అల్లుకుపోతుంది. మన నేలకు ఇది పాత కాపే అయినా, కోసిన కాడలను మీ కాలువలో పారేయకండి.

గట్ల మీద మనిషి ఎత్తు నిలువుగా పెరిగి గులాబీ రంగు పూలు పూసే లొట్టపీచును కూడా కొన్ని ఊళ్ళలో తూటికాడ అనే పిలుస్తారు. అది విషం. మేకలు తిన్నా జబ్బు పడతాయి. పేరు విని తెచ్చుకోకండి, మొక్కను చూసి తెచ్చుకోండి.

వానకోయిల | జూలై 8, రాత్రి 9:05

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆ మరుగుదొడ్డి గుంత మూత. తులసికోట గారూ, మొక్కలు నాటకముందే దాని మూత చుట్టూ సిమెంటు పూయించండి, రెండు వరసల ఇటుక కట్టించండి. ఆ నీరు తగిలిన ఆకుకూర ఎంత కడిగినా నమ్మకం ఉండదు. తూటికూర, పొన్నగంటి లాంటివి నీటిలో ఉన్న చెడును కూడా పీల్చుకుంటాయి. మురుగు నీరు వచ్చిన వారంలో ఆకు కోయవద్దు. ఆ తడవ మునిగిన ఆకు కోసి పారేసి కొత్త చిగురు రానివ్వండి. పుదీన, సరస్వతి ఆకు లాంటివి పచ్చిగా తినవద్దు.

నిలిచిన నీటిలోకి ఉత్త కాళ్ళతో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి కాలి పగుళ్ళ ద్వారా ఎలుక జ్వరం వస్తుంది. అమ్మగారిని అసలే దిగనివ్వకండి. మోకాలి బూట్లు కొనండి.

మట్టిపలక | జూలై 9, ఉదయం 11:00

ఎత్తు మడికి రెండు మాటలు. టమాట వేళ్ళ కన్నా వంగ వేళ్ళు నీటిని బాగా తట్టుకుంటాయి. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వారు ముంపు ప్రాంతాల రైతులకు టమాటను వంగ మీద అంటు కట్టమని సిఫారసు చేసింది ఇందుకే. అదే పద్ధతిలో కాకరను నేతిబీర మీద అంటు కడతారు. అంటు కట్టే శ్రమ మీకు అక్కరలేదు. టమాట బదులు వంగ, కాకర బదులు నేతిబీర వేసుకోండి, సగం పని అయిపోయినట్లే.

చెట్టు ఒకటి కావాలంటే మళ్ళీ బొప్పాయి వద్దు, మునగ వద్దు, పనస వద్దు, నిమ్మ వద్దు. జామ కొంత ఓర్చుకుంటుంది. నేరేడు బాగా ఓర్చుకుంటుంది కానీ మీ మడికి చాలా పెద్దది. బొంత అరటి పిలకను మట్టి దిబ్బ మీద నాటితే కూరకు కాయ, పువ్వు, దూట అన్నీ వస్తాయి. అరటి కూడా రోజుల తరబడి నీటిలో నిలబడలేదు, దిబ్బ తప్పనిసరి.

తులసికోట | జూలై 12, సాయంత్రం 5:30

పని మొదలైంది. ఇద్దరు కూలీలు రెండు రోజుల్లో మట్టి మార్చారు. మరుగుదొడ్డి గుంతకు మూడు వరసల ఇటుక కట్టించి పూత పూయించాను. సందు మొదట్లో గట్టు వేద్దామనుకున్నాను కానీ, వేస్తే ఆ నీరంతా పక్కింటి పెరట్లోకి మళ్ళుతుంది. వాళ్ళదీ మా బాధే. అందుకని ఇద్దరమూ మాట్లాడుకుని గోడ వెంట చిన్న కాలువ తీయించాం, నీరు మడిలోంచి కాకుండా పక్కనుంచి పోయేలా.

గుంటలో చేమ 14 దుంపలు, అంచున మరో 8. తూటికూర కాడలు పక్క ఊరి చెరువు దగ్గర దొరికాయి కానీ ఆ చెరువు నీరు నచ్చక వదిలేశాను, మంచి చోటు నుంచి తెచ్చుకుంటాను. మధ్యలో మట్టి వరసల మీద బచ్చలి, చాళ్ళలో పొన్నగంటి. నూతి వైపు వంగ 9, గోంగూర, తోటకూర, గోడ పక్కన నేతిబీర. మూల దిబ్బ మీద బొంత అరటి, కడియం నర్సరీ నుంచి తెచ్చాను. మిరప, కొత్తిమీర డ్రమ్ముల్లో.

తులసికోట | అక్టోబరు 30, ఉదయం 7:00

చాలా రోజులకు రాస్తున్నాను. మొన్న అల్పపీడనానికి మూడు రోజులు ఆగకుండా కురిసింది. కాలువ పొంగింది. గుంటలో మోకాలి కిందివరకు, మధ్యలో పొన్నగంటి కనిపించనంత నీరు. నాలుగు రోజులు నిలిచింది. ఈ రోజు అంతా చూసి రాస్తున్నాను.

చేమ ఏమీ చలించలేదు. గుంటలో 14లో 13 ఉన్నాయి. సెప్టెంబరులో ఆకుమాడు మచ్చలు వచ్చాయి, రోజూ కోసి పారేస్తే నెమ్మదించింది. పొన్నగంటి మునిగి తేలింది, ఆకుల మీద బురద పొర ఉంది, కింది కణుపుల నుంచి తెల్లటి కొత్త వేళ్ళు వచ్చాయి. వానకోయిల గారు చెప్పినట్లే మొత్తం కోసి పారేశాను. అమ్మకు మనసు ఒప్పలేదు, "బంగారంలాంటి కూర" అంటూ అరుగు మీద కూర్చుని చూసింది.

బచ్చలి సగం పోయింది. మట్టి వరస ఎత్తుగా ఉన్నచోట నిలిచింది, నేను సరిగా ఎత్తు చేయని రెండు వరసల్లో మొదలు కుళ్ళింది. పందిరికి పాకిన తీగలు కోసి, కణుపులు మట్టిలో పెట్టాను. వంగ తొమ్మిదిలో ఆరు ఉన్నాయి. ఆగస్టులో వేసిన గోంగూర నిలిచింది. అక్టోబరు మొదట్లో మళ్ళీ చల్లిన గోంగూర నారు ఒక్కటి కూడా మిగల్లేదు, పాచి పట్టినట్లు నేలకు అతుక్కుపోయింది. తోటకూరా అంతే. నేతిబీర గోడ మీద నుంచి పక్కింటివైపు కాస్తోంది. అరటి కొద్దిగా ఒరిగితే కర్ర ఊతం పెట్టాను.

వంగ ఆకులు కింద నుంచి పసుపు తిరుగుతున్నాయి. ఏమి చేయాలి? చేమ దుంప కొంత వచ్చే ఏటికి విత్తనంగా ఉంచుకోవాలి, ఎలా దాచాలి?

గట్టుమీద | అక్టోబరు 30, ఉదయం 9:40

చాలా సంతోషమమ్మా. వంగకు వెంటనే నీళ్ళు పోయకండి, నేల పైన తడి ఆరనివ్వండి. అడుగంటా తవ్వకుండా పై పొరను మాత్రం చిన్న గునపంతో కదిపి గాలి ఆడనివ్వండి. నిలిచిన నీటితో నత్రజని పోతుంది, వేరు కూడా దెబ్బతిని ఉంటుంది, అందుకే పసుపు. వేరు కోలుకునేవరకు ఆకు మీద పోషణ ఇవ్వాలి. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి. మొదలు దగ్గర కుళ్ళు కనిపిస్తే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయండి. మందు వాడిన తర్వాత డబ్బా మీద రాసిన గడువు దాటేవరకు కాయ కోయవద్దు.

చేమ ఆకులు పూర్తిగా పసుపు తిరిగాక తవ్వండి. దెబ్బ తగలని పిలకలు ఏరి, కడగకుండా మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో పొరలుగా వేసి గాలి తగిలే చోట ఉంచండి. తల్లి దుంపలు వండుకోండి. పిలకలు మృగశిర కార్తెకు ముందే నాటితే పెద్ద వానల నాటికి మొక్క నిలదొక్కుకుంటుంది. ఈ ఏడు మీరు జూలైలో నాటారు, నెల ఆలస్యం.

తులసికోట | నవంబరు 21, ఉదయం 6:50

వంగ కోలుకుంది, కొత్త ఆకు పచ్చగా ఉంది. బచ్చలి కణుపులు పట్టాయి. ఆ రెండు వరసలను మరో ఆరు అంగుళాలు ఎత్తు చేశాను.

కోసి పారేసిన పొన్నగంటి మళ్ళీ చాళ్ళ నిండా వచ్చింది. ఈ రోజు పొద్దున్న అమ్మ పలక మీద నిలబడి తానే కోసింది. సగం పప్పులోకి తీసి, మిగతా కాడలు తడిగుడ్డలో చుట్టి గోడ మీదుగా పక్కింటి కోడలికి అందించింది. కణుపు మట్టిలో ఉండాలి, ఆకు పైకి ఉండాలి అని రెండుసార్లు చెప్పింది. వాళ్ళ మడి మా కన్నా నాలుగు అంగుళాలు పల్లం. రేపు తాపీమేస్త్రీ గొట్టం పట్టుకుని వాళ్ళ పెరట్లో మట్టం చూస్తామని మాట ఇచ్చాము.